ఊట పక్కన చిన్న బోర్డు

ఉడకని కందిపప్పుకి ఒక వాసన ఉంటుంది. మాడిన వాసన కాదు, పులిసిన వాసనా కాదు; పసుపూ ఆవిరీ కలిసి పైకి అంతా బాగానే ఉన్నట్టుండి, లోపల గింజ మాత్రం మొండికేసి కూర్చున్నప్పుడు, కుక్కర్ మూత తీయగానే ముఖానికి కొట్టే ఒక పచ్చివాసన. మొన్న ఆదివారం మా కొత్త ఇంట్లో మొదటిసారి పప్పు పెట్టినప్పుడు ఆ వాసన వచ్చింది. కొత్త ఇల్లంటే మాకు కొత్త, ఇల్లు పాతదే. అమెరికాలో క్యారీ అనే ఊరు దాటి కాస్త లోపలికి పోతే, పైన్ చెట్ల మధ్య, టౌన్ నీళ్ళు ఇంకా రాని రోడ్డు మీద ఉంది. పెరట్లో సొంత బావి ఉందని ఏజెంట్ చెప్పినప్పుడు మా అమ్మాయి తార ఎగిరి గంతేసింది గానీ, తీరా చూస్తే అది గిలకా తాడూ ఉన్న బావి కాదు, గడ్డిలోంచి మోకాలెత్తు లేచిన ఒక ఇనుప గొట్టం, దాని నెత్తిన ఒక మూత. చూసినప్పటి నుంచి తార ఏజెంట్ మీద అలిగే ఉంది.

మా ఆయన పప్పుని గరిటెతో నొక్కి చూసి, "ఇండియన్ స్టోర్‌లో పాత స్టాక్ అంటగట్టుంటాడు, ఇంకో రెండు విజిల్స్ రానియ్," అన్నాడు. అదే సమయానికి తార సింక్ దగ్గర స్టూల్ ఎక్కి, గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని, నోటి దాకా తీసుకుపోయింది. నా చెయ్యి నాకంటే ముందే వెళ్ళి ఆ గ్లాసు లాక్కుంది. నీళ్ళు దాని గౌను మీద ఒలికాయి. "వై, అమ్మా? చూడు, ఎంత క్లియర్ ఉన్నాయో!" అంది అది బిక్కమొహం వేసి. తేటగానే ఉన్నాయి. నాకు భయం వేసింది కూడా అందుకే.

ఈ భయం నాకు అంటించిపోయింది మా నాయనమ్మ. ఆమె అమెరికా వచ్చింది జన్మలో ఒక్కసారే, నాకు ఎనిమిదేళ్ళప్పుడు. అప్పుడు మేం బెంటన్‌విల్‌లో ఉండేవాళ్ళం. ఊరి పేరు చెప్తే ఇండియాలో ఎవరికీ తెలియదు, ఇక్కడ చెప్తే "ఆ పెద్ద స్టోర్ల కంపెనీ ఊరే కదా" అంటారు. డాడీ ఆ కంపెనీ ఆఫీసులోనే కాంట్రాక్టర్. మా అపార్ట్‌మెంట్స్‌లో సగం మంది మనవాళ్ళే. సాయంత్రం మెట్లెక్కుతుంటే ఒక తలుపు కింద నుంచి ఇంగువ పోపు, ఇంకో తలుపు కింద నుంచి ఉల్లిపాయల వేపుడు, మధ్యలో ఒకే ఒక అమెరికన్ ముసలాయన తలుపు దగ్గర పైపు పొగాకు వాసన. ఆయన పాపం మేం ఎదురైనప్పుడల్లా "ఏదో భలే ఘుమఘుమలాడుతోంది" అని ఇంగ్లీషులో మెచ్చుకుంటూ, ఎవరి తలుపు వైపు చూడాలో తెలియక అన్ని తలుపుల వైపూ చూసేవాడు. కారు లేకపోతే పాల డబ్బా కూడా తెచ్చుకోలేని ఊరు. డాడీ కారు ఆఫీసుకి పోతే అమ్మా నేనూ కిటికీ దగ్గర కూర్చుని, పార్కింగ్ లాట్‌లో ఎవరి కారు ఎప్పుడు వచ్చిందో లెక్కచూసుకోవడమే మా కాలక్షేపం.

అలాంటి ఇంట్లోకి నాయనమ్మ వేసవిలో దిగింది. ఆమె సూట్‌కేస్ తెరిస్తే మా అపార్ట్‌మెంట్ కార్పెట్‌కి జన్మలో మొదటిసారి ఊరి వాసన తగిలింది: చింతపండు, జొన్నపిండి, నువ్వుల సత్తుపిండి, ఎండబెట్టిన చిక్కుడు గింజలు, అన్నిటి మీదా కొబ్బరినూనె. నల్లగొండ వైపు మా ఊరు. నాయనమ్మకి మెడ తిరిగేది కాదు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేది. మోకాళ్ళు పూర్తిగా ముడుచుకునేవి కావు. పళ్ళ మీద గోధుమరంగు చారలు. అవే చారలు సన్నగా డాడీ పళ్ళ మీదా ఉండేవి, అందుకే డాడీ ఏ ఫోటోలోనూ పెదాలు విప్పి నవ్వడు. చీర మీద స్వెట్టర్, కాళ్ళకి సాక్సులు, వాటి మీద హవాయి చెప్పులు వేసుకుని ఆమె అపార్ట్‌మెంట్స్ చుట్టూ నడుస్తుంటే నేను పక్కనే సైకిల్ తొక్కేదాన్ని. ఆమెకి అక్షరం రాదు. నేనేమో కనిపించిన బోర్డల్లా పైకి చదివే పిల్లని. స్టాప్, ఎగ్జిట్, పెంపుడు కుక్కల పెంట మీరే ఎత్తండి, ఏదైనా సరే. చదివిందంతా తెలుగులో చెప్పమని నాయనమ్మ వెంటపడేది. కుక్క పెంట బోర్డు విన్నరోజు ఆమె నవ్వలేక గోడ పట్టుకుని నిలబడింది. "గిదానికి గూడ రాసిపెట్టిండ్రా! ఇంకేమన్న ఉన్నదా!"

వచ్చిన మొదటి రోజు ఆమె ఇంట్లో టీవీ చూడలేదు, ఏసీ చూడలేదు. కిచెన్‌లోకి పోయి కుళాయి తిప్పి, గ్లాసులో పట్టి, కిటికీ వెలుగులో పైకెత్తి చూసి, వాసన చూసి, డాడీని పిలిచింది. "గీ నీళ్ళు ఏడికెల్లి వస్తయి కొడుకా?"

"లేక్ నుంచే అమ్మా. పెద్ద చెరువు అనుకో. క్లీన్ చేసి పంపిస్తరు."

"చెరువు నీళ్ళేనా? అయితే మంచియే," అని గటగటా తాగేసింది.

చెరువు నీళ్ళు ఎందుకు మంచివో నాకు అమ్మ చెప్పింది. మా ఊళ్ళో ఒకప్పుడు అందరూ చెరువు నీళ్ళే వడకట్టుకుని తాగేవాళ్ళు. తర్వాత బోరు వేసి చేతి పంపు పెట్టారు. చెరువు నీళ్ళు బురద, పంపు నీళ్ళు అద్దంలా తేట. నాయనమ్మకి ఇద్దరు పిల్లలు, డాడీ, సుగుణత్త. డాడీని చదువుకోసం మిర్యాలగూడలో మేనమామ ఇంట్లో పెట్టారు, అక్కడ కాలువ నీళ్ళు. సుగుణత్త ఇంట్లో ఉండిపోయింది. ఊరి చివర ఉన్న ఆ పంపు నీళ్ళే మంచివని, కడుపుతో ఉన్నప్పుడు తనూ అవే తాగి, పుట్టాక పిల్లకీ అవే తాగించింది నాయనమ్మ. ఎండలో బిందె నెత్తిన పెట్టుకుని అంత దూరం నడిచి. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని ఎవరికీ తెలియదు. సుగుణత్త మోకాళ్ళు లోపలికి వంగాయి, తర్వాత నడుం వంగింది, బడి ఈడు దాటకముందే చేతికి కర్ర వచ్చింది. డాక్టర్లొచ్చి చూసి కారణం చెప్పేసరికి పిల్ల ఎముకలు గట్టిపడిపోయాయి. "నా చేతులతోనే తాగిపిచ్చిన," అనేది నాయనమ్మ, ఫోన్‌లో సుగుణత్త గొంతు విన్న ప్రతిసారీ, ఫోన్ పెట్టేశాక. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చునేది. డాడీ అక్కడినుంచి లేచి వెళ్ళిపోయేవాడు.

అయినా ఆ ఎండాకాలం ఏడుపుల ఎండాకాలమేమీ కాదు. నాయనమ్మ నాకు ఓక్ చెట్ల కాయలతో అచ్చంగాయలు ఆడటం నేర్పింది. అవి గుండ్రంగా ఉండి చేతి వెనక నిలవక జారిపోతుంటే "గీ దేశం కాయలకు సుత బుద్ధి లేదు" అని తిట్టేది. సెప్టెంబర్ చివర గాలి చల్లబడింది, ఆకులు అంచుల్లో ఎర్రబడ్డాయి, బతుకమ్మ వచ్చింది. తంగేడు పూలు లేవు, గునుగు లేదు. రోడ్డు పక్కన పసుపుపచ్చగా విరగబూసిన గోల్డెన్ రాడ్, గార్డెన్ సెంటర్ బంతిపూలు, పక్కింటి లక్ష్మి ఆంటీ వాళ్ళ బాల్కనీ కుండీల్లోని ఎర్ర పూలూ కలిపి నాయనమ్మ పిజ్జా పళ్ళెంలో పేర్చింది. గుంటూరు నుంచి వచ్చిన లక్ష్మి ఆంటీ బతుకమ్మ ఎప్పుడూ ఆడలేదు. అయినా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆడి ఆడి, మలీద ముద్దలు, సత్తుపిండి పంచుకుని, అపార్ట్‌మెంట్స్ వెనక ఫౌంటెన్ ఉన్న కుంటలో బతుకమ్మని వదిలాం. వదిలీ వదలగానే బాతులు గుంపుగా వచ్చి పూలన్నీ తినేశాయి. పిల్లలం కెవ్వున అరిచాం. నాయనమ్మ మాత్రం తృప్తిగా చూసి, గౌరమ్మ ఈ యేడు బాతు రూపంలో వచ్చిందని తేల్చేసింది.

ఆ మరుసటి శనివారమే లక్ష్మి ఆంటీ వాళ్ళ వ్యాన్‌లో అందరం ఒక పేరుమోసిన ఊట చూడటానికి వెళ్ళాం. బెంటన్‌విల్‌కి తూర్పున, కొండల్లో మెలికలు తిరిగే రోడ్డు మీద గంట పైన ప్రయాణం. ఆ మెలికలు నాకు పడక ఆంటీ వాళ్ళాయన, అంకుల్, రెండుసార్లు వ్యాన్ ఆపాడు, రెండుసార్లూ ఒకే జోక్ చెప్పాడు. ఆ కొండలకి పేరు పెట్టింది ఫ్రెంచి వేటగాళ్ళని దారిలో ఒక బోర్డు చెప్పింది, నేను చదివాను. ఊట ఉన్న ఊరు మొత్తం రాతి ఊరే: రాతి మెట్లు, రాతి గోడలు, కొండ వాలుకి అతుక్కున్న పాత రాతి హోటళ్ళు, రైళ్ళ కాలంలో ఎక్కడెక్కడి నుంచో రోగులు వచ్చి దిగినవి. ఊరి మధ్య కొండ అడుగున, గుడి గూడులా చెక్కిన ఒక రాతి గూట్లోంచి నీళ్ళు సన్నటి చప్పుడుతో పడుతున్నాయి. చుట్టూ పచ్చటి నాచు, చల్లటి తడి రాతి వాసన, తొక్కితే ఘుప్పుమనే అడవి పుదీనా, నీళ్ళ అడుగున ఎవరో వేసిన చిల్లర నాణేలు. నాణెం మీద బొమ్మ కూడా కనిపించేంత తేట. నాయనమ్మ హవాయి చెప్పులు విప్పేసి, సాక్సులతోనే ఆ తడి రాయి మీద నిలబడి, రెండు చేతులూ నీళ్ళ కింద పెట్టింది. "అబ్బా, ఐసు!" అని చేతులు వెనక్కి తీసుకుని మళ్ళీ పెట్టింది.

పక్కనే పెద్ద కంచు పలక మీద ఆ ఊట కథంతా ఉంది. నేను చదువుతుంటే డాడీ తెలుగు చేశాడు. డాడీకి నాయనమ్మ ముఖంలో వెలుగు చూస్తే ఇంక ఊపు ఆగదు. "ఈ నీళ్ళతోని కండ్లు కనిపియ్యనోళ్ళకు కండ్లొచ్చినయంట అమ్మా! నడవనోళ్ళు నడిచిండ్రంట. చంక కర్రలు ఇక్కడనే పారేసి పోయిండ్రంట!"

"నడిచిండ్రా?" అంది నాయనమ్మ.

ఊరికే అడగలేదామె. ఎదురుగా ఉన్న పాత స్నానాల ఇంటిని ఇప్పుడు చిన్న మ్యూజియం చేశారు. తెల్ల పింగాణీ తొట్లూ, ఇత్తడి కుళాయిలూ, గోడ మీద వరసగా వేలాడదీసిన నిజమైన చంక కర్రలూ చేతి కర్రలూ. నాయనమ్మ తొట్ల వైపు చూడలేదు. ఆ కర్రల కింద నిలబడి ఒక్కో కర్రనీ చూస్తూ పోయింది. ఒక చిన్న కర్ర దగ్గర ఆగింది, పిల్లది. అక్కడినుంచి ఊరవతల పాత నీటి మిల్లుకి వెళ్ళాం. పెద్ద చెక్క చక్రం మూలుగుతూ తిరుగుతోంది, లోపల ఒక ముసలావిడ మొక్కజొన్నలు విసిరి చూపించి గుడ్డ సంచుల్లో పిండి అమ్ముతోంది. మామూలుగా అయితే ఆ విసుర్రాయి చూసి నాయనమ్మ ఎంత సంబరపడాలి! "మన ఇసుర్రాయే" అని ఒక్కసారి తడిమి, "ఊట కాడికి పోదాం పా కొడుకా" అంది.

వెనక్కి వచ్చాం. వ్యాన్‌లో ఖాళీ పాల క్యాన్లు ఉన్నాయి, లక్ష్మి ఆంటీ ముందుచూపు. అన్నీ నింపారు. నాయనమ్మ మాత్రం నా స్కూల్ నీళ్ళ బాటిల్ అడిగింది, గులాబీ రంగుది, మూత గట్టిగా పడేది. దాన్ని మూడుసార్లు కడిగి, నింపి, కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఎవరికని ఎవరూ అడగలేదు. లక్ష్మి ఆంటీ మాత్రం, "కాశీ గంగ తెచ్చుకున్నట్టేనండీ పెద్దమ్మగారూ, మీ అమ్మాయికి తప్పకుండా నయమవుతుంది చూడండి," అంది. ఇంటికొచ్చాక కాశీ చెంబుకి సీలు వేసినట్టు ఆ బాటిల్ మూతకి సీలు వేసింది నాయనమ్మ. లక్క లేదుగా, నా పుట్టినరోజు కేకు మీద మిగిలిపోయిన క్యాండిల్స్ కరిగించి పోసింది. గులాబీ, నీలం, పసుపు చారలతో సీలు. బాటిల్‌ని క్లోజెట్‌లో దేవుడి పటాల పక్కన పెట్టి రోజూ బొట్టు పెట్టేది. ఫోన్‌లో సుగుణత్తకి చెప్పింది: "నీకోసం ఒకటి తెస్తున్న బిడ్డా. వచ్చినంక చూద్దువు."

వారం తిరిగాక, క్యాన్లలోని ఆ నీళ్ళతోనే పప్పు పెట్టమని అమ్మకి ఆర్డర్. లక్ష్మి ఆంటీ వాళ్ళని భోజనానికి పిలిచాం. కుక్కర్ విజిల్స్ మీద విజిల్స్ వేసింది. మూత తీస్తే పప్పు గలగలలాడుతోంది. మళ్ళీ పెట్టింది అమ్మ. మళ్ళీ అంతే. అమ్మకి ఏడుపొక్కటే తక్కువ. పక్కింటివాళ్ళ ముందు పప్పు ఉడకకపోవడం కంటే పరువు తక్కువ పని ఏముంది! అంకుల్ గరిటెతో పప్పు వేసుకుని, "ఏం పర్లేదండీ, దీంతో అచ్చంగాయలు ఆడుకోవచ్చు," అన్నాడు, ఆంటీ ఆయన తొడ మీద గిల్లింది. అందరూ నవ్వుతున్నారు. నాయనమ్మ నవ్వలేదు. పళ్ళెంలోంచి ఒక్క పప్పు గింజ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కింది. అది నలగలేదు.

"మా పంపు నీళ్ళల్ల గూడ గిట్లనే ఉండేది," అంది.

డాడీ అన్నం కలుపుతున్నవాడు ఆగాడు. "అమ్మా, అది వేరు, ఇది వేరు. ఇది సున్నపురాయి కొండ. నీళ్ళల్ల కాల్షియం ఎక్కువుంటది, అందుకే పప్పు ఉడకదు. కాల్షియం బొక్కలకు మంచిదే."

"అప్పుడు గూడ మంచియే అన్నరు."

మా ఊళ్ళో పంపు నీళ్ళతో వండిన అన్నం పొద్దుటికి పచ్చబడేదట. అందుకని ఊట నీళ్ళతో వండిన అన్నం నాయనమ్మ ఒక గిన్నెలో దాచి, పొద్దున్నే లేచి మూత తీసి చూసింది. అన్నం తెల్లగానే ఉంది. దాంతో ఆమెకి ఇటూ తెలియదు, అటూ తెలియదు. ఆ వారమంతా క్లోజెట్ తలుపు తీయడం, బాటిల్ వైపు చూడటం, వేయడం. బొట్టు పెట్టడం మానేసింది గానీ తీసేయనూ లేదు. తిరుగు ప్రయాణం దగ్గర పడింది, సూట్‌కేస్ నడిగదిలో తెరుచుకుని ఉంది. అమ్మ అందులో చాక్లెట్లూ, షాంపూలూ, సుగుణత్తకి స్వెట్టరూ సర్దుతోంది. బాటిల్ కోసం మధ్యలో చోటు ఖాళీగా వదిలింది. తీసుకుపోతే కూతురికి మళ్ళీ తన చేతులతో ఏమి తాగిస్తున్నట్టో, తీసుకుపోకపోతే గోడ మీద కర్ర పారేసి నడిచిపోయే అవకాశమేమైనా ఉంటే అది పోగొట్టినట్టో, ఎవరు చెప్తారు ఆమెకి? ఒక మధ్యాహ్నం మొక్కజొన్న పిండితో రొట్టెలు చేస్తూ చేస్తూ, పిండి చేతులతోనే నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"బిడ్డా, ఆడ అన్ని బోర్డులు చదివినవా?"

"పెద్దవి చదివిన."

"చిన్నయి?"

నాకు తెలియదు. సాయంత్రం డాడీని పట్టుకుని, ఇంకొక్కసారి ఊట చూడాలంది. డాడీ నీరసంగా వచ్చి సోఫాలో కూలబడ్డవాడు ఒక నిమిషం ఆమె వైపు చూసి, సరే అన్నాడు.

ఆ శనివారం మేమే వెళ్ళాం, మా కారులో. ఆకులు సగం రాలిపోయాయి, కొండలు ఎర్రగా, రోడ్డు మీద మంచు తెర. బాటిల్‌ని టవల్‌లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది నాయనమ్మ. ఇంకో బాటిల్ నింపుకోవడానికి వెళ్తున్నామనుకున్నాను. దిగగానే నా చెయ్యి పట్టుకుంది. "ఏది ఇడిసిపెట్టకు. అన్నీ చదువు," అంది. కంచు పలక మళ్ళీ చదివాను. మెట్ల దగ్గర జారుతుంది జాగ్రత్త అని ఉంది, చదివాను. చెత్త వేయవద్దు. పూలు కోయవద్దు. ఆమె అన్నిటికీ ఊఁ కొడుతూ, మనిషి మొత్తం తిరిగి తిరిగి, ఇంకా ఎక్కడైనా అక్షరాలున్నాయా అని వెతుకుతోంది. గూటికి కుడిపక్కన, నా నడుం ఎత్తున, ఐవీ తీగ కమ్మేసిన చోట ఒక రేకు అంచు కనిపించింది. ఆకులు తప్పించింది నాయనమ్మే. అరచేయంత రేకు, మొన్న అంతమందిలో ఎవరి కాళ్ళ వెనకో ఉండిపోయింది. దాని మీద ఏముందో చదివాను. చదివి తెలుగులో చెప్పాను: ఈ నీళ్ళు పరీక్ష చేసినవి కావు, తాగవద్దు.

"మల్లొకసారి చెప్పు బిడ్డా."

మళ్ళీ చెప్పాను. డాడీ గబగబా వచ్చాడు. "అమ్మా, ఇక్కడ అన్నిటికీ బోర్డులుంటయి. కాఫీ కప్పు మీద గూడ వేడి ఉంటది జాగ్రత్త అని రాస్తరు. ఎవడన్న కేసు వేస్తడని భయం. గదేం లేదు."

"నువ్వు మొన్ననే చూసినవా కొడుకా?"

డాడీ నాచు పట్టిన రాయి వైపు తిరిగాడు. "నువ్వు అంత సంబరంగ ఉంటివి అమ్మా," అన్నాడు. చెల్లెలి కర్ర ఆ గోడ మీద వేలాడాలని ఆయనకి మాత్రం ఉండదా? నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం డాడీకి తిట్లు పడతాయని ఎదురుచూశాను.

నాయనమ్మ తిట్టలేదు. రేకు మీద అక్షరాలని వేలితో ఈ చివర నుంచి ఆ చివరకి తడిమింది. "మా ఊళ్ళె గిట్ల చారెడు రేకు పెట్టినోడు లేకపాయె," అంది. "తేటగున్నయని, మంచియని, ఎండల నడిసిపోయి మోసుకొస్తి. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు చెప్తే..." అని, ఇక చెప్పలేక, ఆ తడి రాయి మీద కూలబడిపోయి ఏడ్చింది. ముడవని మోకాళ్ళతో ఎట్లా కూర్చుందో తెలియదు. ఫోన్ పెట్టేశాక ఏడ్చే మెల్లటి ఏడుపు కాదది, పొలం గట్టు మీద ఏడ్చినట్టు, గొంతెత్తి. దారిన పోయే ఒక అమెరికన్ జంట ఆగి, సాయం కావాలా అని అడిగారు. డాడీ వద్దని చెయ్యి ఊపి, తల్లి పక్కన ఆ తడిలోనే చతికిలబడ్డాడు.

కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని బాటిల్ బయటికి తీసింది. గోళ్ళతో మైనం ఊడబెరికింది, గులాబీ, నీలం, పసుపు ముక్కలు ఆమె ఒళ్ళో పడ్డాయి. మూత తిప్పి, నీళ్ళని గూట్లోకి మెల్లగా వంచింది. "నీ నీళ్ళు నీకే తల్లీ," అంది ఊటతో. "నీ తప్పేం లేదు. నువ్వు రాసిపెట్టుకున్నవ్." దండం పెట్టింది. ఖాళీ బాటిల్‌ని మళ్ళీ టవల్‌లో చుట్టింది. సూట్‌కేస్‌లో అమ్మ వదిలిన చోట్లో ఆ ఖాళీ బాటిలే పెట్టుకుని ఇండియా వెళ్ళిపోయింది.

కొన్నేళ్ళకి సెలవుల్లో మేం ఊరికి వెళ్ళినప్పుడు, బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఊరి చివర పాత చేతి పంపు కనిపించింది. ఎప్పుడో ఆఫీసర్లొచ్చి దానికి ఎర్ర రంగు పూసి పోయారట. ఆ ఎరుపుకి అర్థమేమిటో ఎవరూ చెప్పలేదు, రంగు వానలకి రాలిపోయింది. ఊళ్ళోవాళ్ళు తాగడం మానేసినా, నాట్లకి పక్క ఊళ్ళ నుంచి వచ్చే కూలీలు దూపైతే దానికే నోరు పెట్టేవాళ్ళు. ఇప్పుడు దాని మెడకి తీగతో కట్టిన ఒక రేకు ఉంది. ట్రాక్టర్ల మీద పేర్లు రాసే అతనితో నాయనమ్మ రాయించింది. అతను పుస్తకాల్లో ఉన్నట్టు రాస్తానంటే ఒప్పుకోలేదట, తను చెప్పింది చెప్పినట్టే రాయమందట. నేను పైకి చదివాను, అలవాటే కదా:

"ఈ నీళ్ళు తాగొద్దు. పప్పు ఉడకది. బొక్కలు వంగుతయ్. సదువొచ్చినోళ్ళు రానోళ్ళకు చెప్పుండ్రి."

ఇప్పుడు నాయనమ్మ లేదు. ఊళ్ళోకి కృష్ణా నీళ్ళు పైపుల్లో వచ్చాయి, చేతి పంపు పీకేశారు. బెంటన్‌విల్ అపార్ట్‌మెంట్స్ ఉన్న చోట ఇంకేదో కట్టారు, బాతుల కుంట పూడ్చేశారు. లక్ష్మి ఆంటీ వాళ్ళు శాన్ రామన్ వెళ్ళిపోయి అమ్మమ్మా తాతయ్యలయ్యారు. మొన్న ఆదివారం రాత్రి తార గౌను మార్చి, అక్కడ తెల్లారాక సుగుణత్తకి వీడియో కాల్ చేశాను. కర్ర గోడకానించి, గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పంపు మెడలోని రేకు ఏమైందని అడిగాను. "గదా? కోళ్ళ గూటికి తలుపు పెట్టిన," అంది నవ్వుతూ, ఫోన్ అటు తిప్పి చూపించింది. అక్షరాలు సగం చెరిగాయి, వాటి వెనక కోడి ఒకటి గునుస్తోంది. గులాబీ బాటిల్ సంగతి కూడా అడిగాను. "ఉన్నది. అమ్మ నాకు ఖాళీ బాటిల్ ఇచ్చి, దీంట్ల నీకేం తేలేదు బిడ్డా, అని సంబరంగ చెప్పింది. ఖాళీ బాటిల్ తెచ్చి గంత సంబరపడ్డ మనిషిని నేను యాడ చూడలె," అంది అత్త.

ఈ బావి నీళ్ళు మరీ చెడ్డవే అయ్యుంటాయని కాదు. ఇల్లు కొనేటప్పుడు టెస్ట్ చేయించారని మా ఆయన అన్నాడు, ఏమేమి చూశారో మాత్రం తనకీ తెలియదు. వచ్చే సోమవారం శాంపిల్ మళ్ళీ పంపుతాం, అన్నీ చూడమంటాం. అప్పటి దాకా స్టోర్ నుంచి తెచ్చిన క్యాన్లే. ఒక కాగితం తీసుకుని, లావు మార్కర్‌తో, నాయనమ్మ రాయించిన నాలుగు ముక్కలూ అట్లాగే రాసి సింక్ కుళాయి మీద అంటించాను. తార స్టూల్ ఎక్కి దాని వైపు చూసింది. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు.

"అమ్మా, ఏం రాశావ్? చదువు."

చదివాను. బొక్కలంటే ఎముకలని చెప్పాను. "సదువొచ్చినోళ్ళు రానోళ్ళకు చెప్పుండ్రి" ముక్క మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను. తార రెండుసార్లు నాతోపాటు అంది, నల్లగొండ మాటలు దాని అమెరికన్ నోట్లో రాళ్ళలా దొర్లాయి. తర్వాత మర్చిపోయి బొమ్మలేసుకుంటోందనుకున్నాను. మా ఆయన ఫోన్ చూసుకుంటూ కిచెన్‌లోకి వచ్చి, అలవాటుగా గ్లాసు తీసి కుళాయి కింద పెట్టాడు. తార ఎక్కడినుంచి వచ్చిందో, రెండు చేతులూ చాపి సింక్‌కి అడ్డంగా నిలబడి, ఇల్లెగిరిపోయేలా అరిచింది:

"నాన్నా, నో! బొక్కలు వంగుతయ్!"